ప్రళయము - అవ్యవస్థయా? అవ్యక్తమా?

గట్టు తెగి నీరు ఊరిమీదికి వచ్చినపుడు, గాలివాన తాటిచెట్లను నేలకూల్చినపుడు, తెలుగువారి నోట అప్రయత్నముగా వెలువడు మాట ‘ప్రళయము’. ఎవరి మాట ఎవరికిని వినబడని గందరగోళమును ‘అల్లకల్లోలము’ అందురు. కల్లోలమనగా పెద్ద అల. క్రమము చెడినదని చెప్పుటకు సముద్రపు అలను తలచుకొనుట తీరవాసులకు సహజమే. అయితే శాస్త్రము ప్రళయమను మాటను ఈ అర్థములో వాడలేదు. లయమనగా లీనమగుట, ఒక వస్తువు తన కారణములో అణగియుండుట. ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చూపినట్లు, నీటిలో కరగిన ఉప్పు నశింపలేదు. కంటికి కనబడుట మాత్రమే మానినది. నాలుకకు అది తెలియుచునే యున్నది.

సృష్టికి పూర్వమున్న స్థితియు, సృష్టి అణగిన పిమ్మటి స్థితియు అవ్యవస్థయా, లేక అవ్యక్తమా? ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. వరదలో ఇల్లును, ఆత్మీయులను కోల్పోయిన గృహస్థుడు “ఆ వేళ స్వామి ఎక్కడ నుండెను?” అని అడిగినచో, అతడు అడుగుచున్నది ఈ ప్రశ్ననే.

నీరు శత్రువా?

గ్రీసు దేశపు ప్రాచీన కవి హెసియొడ్ మొట్టమొదట ‘ఖావోస్’ కలిగినదని చెప్పెను. ఆ మాటకు మూలార్థము నోరు తెరచిన అగాధము. గందరగోళమను అర్థము దానికి తరువాతి కాలమున వచ్చినది. రోమను కవి ఓవిడ్ దానిని రూపములేని కలగాపులగపు ముద్దగా వర్ణించెను. బాబిలోనియావారి సృష్టిగాథలో ఉప్పునీటి సముద్రమే తియామత్ అను ఆదిమాత. మర్దూక్ అను దేవుడు ఆమెను యుద్ధములో వధించి, ఆమె దేహమును రెండుగా చీల్చి, ఒక సగముతో ఆకాశమును నిర్మించెను. ఆ గాథ ప్రకారము ఆదిజలము శత్రువు. లోకవ్యవస్థ ఆ శత్రువును చంపి గెలుచుకొన్న విజయము.

పురాణములు ఈ మార్గమున నడవలేదు. నారములనగా నీళ్లనియు, అవి నివాసముగా గలవాడు గనుక నారాయణుడనియు మనుస్మృతియు విష్ణుపురాణమును నామనిర్వచనము చేసినవి. అన్నియు అణగిపోయిన వేళ నిలిచియున్న ఏకార్ణవము ఆయనకు శత్రువు కాదు, శయ్యాస్థానము. భూమి మునిగినపుడు వరాహమూర్తి ఆ నీటిలోనికే దిగి భూదేవిని కోరపై నెత్తుకొనెను. అక్కడ ఆయన పోరాడినది నీటితో కాదు, అడ్డువచ్చిన హిరణ్యాక్షునితో. ఈ భేదము చిన్నదిగా కనబడినను, ఫలము పెద్దది. ధర్మమునకు ప్రతికూలమైనది నీటి లోతు కాదు, మదించిన బలము అని వరాహావతార గాథ సూచించుచున్నది.

శ్రుతి చెప్పిన చీకటి

ఋగ్వేదము పదవ మండలములోని నాసదీయ సూక్తము సృష్టికి పూర్వస్థితిని చెప్పుచు, అప్పుడు సత్తనదగినదియు లేదు, అసత్తనదగినదియు లేదనును. చీకటిచే కప్పబడిన చీకటి యుండెననియు, సమస్తము గుర్తు తెలియని జలముగా నుండెననియు చెప్పును. ‘గుర్తు తెలియని’ అను విశేషణమును గమనింపవలెను. వస్తువు లేకపోవుట వేరు, గుర్తు తెలియకపోవుట వేరు. రాత్రివేళ దీపము ఆరిన గదిలో బిందెయు, మంచమును, తల్లియు ఎక్కడివారక్కడనే యుందురు. పోయినది వాని నడుమ భేదమును చూపు వెలుగు మాత్రమే.

ఈ విషయమును సుబాలోపనిషత్తు మరింత సూక్ష్మముగా చెప్పినది. పృథివి జలములో లయించును, జలము తేజస్సులో లయించును అని క్రమముగా చెప్పుచు వచ్చి, చివరకు తమస్సు దగ్గరకు వచ్చునప్పటికి ఆ శ్రుతి మాట మార్చినది. తమస్సు పరదేవునియందు ‘లయించును’ అనలేదు, ‘ఏకమగును’ అన్నది. భగవద్రామానుజులు ఈ శ్రుతిని ప్రమాణముగా గ్రహించిరి. నామరూప విభాగము చెప్పలేనంత సూక్ష్మమైనను, చిత్తును అచిత్తును పరమాత్మకు శరీరములుగా నిలిచియే యుండునని విశిష్టాద్వైత సిద్ధాంతము. సూక్ష్మ చిదచిద్విశిష్టుడు కారణము. స్థూల చిదచిద్విశిష్టుడు కార్యము. ఉన్నవాడు ఒక్కడే. ప్రళయములో ఆయన శరీరము మడచిన పటము వంటిది. సృష్టిలో విప్పిన పటము వంటిది. మడచినంతమాత్రమున పటముమీది బొమ్మలు చెరగిపోవు.

మార్కండేయుని వృత్తాంతము దీనికి కథారూపమైన వ్యాఖ్యానము. ప్రళయజలములో ఒంటరిగా, దిక్కుతోచక కొట్టుమిట్టాడిన ఆ ఋషికి మఱ్ఱియాకుపై పసిబాలుడు కనబడెను. ఆ బాలుని ఊపిరితో లోపలికి పోయి చూడగా, మునిగిపోయినవని అతడు దుఃఖించిన పర్వతములును, నదులును, ఆశ్రమములును అన్నియు లోపల చెక్కుచెదరక యున్నవి. వెలుపల నుండి చూచువానికి సర్వనాశము. లోపల చూచినవానికి సర్వరక్షణము. చూచిన స్థానమే భేదము.

పుట్టలోని పాదములు

ఈ తత్త్వమును గ్రంథములు చదువని యాత్రికునకు సైతము కంటికి చూపు క్షేత్రము ఒకటి ఏలూరు జిల్లాలో గలదు. ఏలూరునుండి తాడేపల్లిగూడెము వైపు పోవు దారిలో గుండుగొలను గ్రామమున్నది. ఆ ఊరి పేరులోనే కొలను ఉన్నది. దానికి దక్షిణమున నేల పల్లమై కొల్లేటి సరస్సుకు జారును. ఉత్తరమున మెట్టయై, భీమడోలు మీదుగా చిన్నతిరుపతి యని పేరొందిన ద్వారకా తిరుమల కొండకు ఎక్కును. నీటికిని కొండకును నడుమ నిలిచిన ఊరు అది.

కొల్లేరు దేశములోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము అది. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు తెచ్చిన వరదను తనలో పట్టి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతమునకు పంపును. దానికి స్థిరమైన ఒడ్డు లేదు. వానకాలమున పొలమేదో నీరేదో తెలియదు. ఎండకాలమున నీరు తీసి నేల బయటపడును. అంతమాత్రమున కొల్లేటిని అవ్యవస్థ యనరాదు. ఎక్కడెక్కడి పొంగును తన పల్లములో అణచుకొని ఊళ్లను కాపాడుట దాని ధర్మము. ఒడ్డు కనబడనిది గనుకనే అది అంత నీటికి చోటీయగలిగినది.

ఇక కొండమీది స్వామి. ద్వారకా తిరుమల గర్భాలయములో ఒకే విమానము క్రింద రెండు మూలమూర్తులు గలవు. ద్వారక మహర్షి తపస్సునకు మెచ్చి వెలసినట్లు చెప్పబడు స్వయంవ్యక్తమూర్తికి పైభాగము మాత్రమే దర్శనమగును. క్రిందిభాగము పుట్టలోనున్నదని సంప్రదాయము. పాదపూజకు అవకాశము లేదని పెద్దలు విన్నవింపగా, భగవద్రామానుజులు ఆ మూర్తి వెనుక సంపూర్ణరూపమును వైఖానసాగమోక్తముగా ప్రతిష్ఠించిరని స్థలపురాణము చెప్పును. అందుచేతనే వైశాఖమున ఒకమారు, ఆశ్వయుజమున ఒకమారు, ఏడాదికి రెండు కల్యాణోత్సవములు జరుగుచున్నవి.

పైసగము వ్యక్తము, క్రిందిసగము అవ్యక్తము. పుట్టలోనున్న భాగమును ఎవరును చూడలేదు. అయినను, స్వామికి పాదములు లేవని ఏ భక్తుడును అనడు. కనబడునంత మేర చూచిన కన్ను, కనబడని మేర కూడ స్వామియే యని నమ్ముచున్నది. వెనుకనున్న సంపూర్ణమూర్తి ఆ నమ్మకమునకు ఆచార్యుడు చేసిన సంతకము వంటిది. లోకము విషయమున శాస్త్రము చేయుచున్న పనియు ఇదియే. సృష్టి కనబడు సగము, ప్రళయము కనబడని సగము. రెండింటను మూర్తి యొక్కడే యని అది చెప్పుచున్నది. ఆ స్వామి దక్షిణాభిముఖుడు. ఆ దిక్కుననే ఆ ప్రాంతపు వరదలన్నియు చేరు కొల్లేరున్నది.

నేటి విజ్ఞానశాస్త్రము సైతము ఈ విషయమున వినయమునే నేర్చినది. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ అను అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు, నియమము తప్పక నడచు సమీకరణములలో కూడ, ఆరంభములోని అతిస్వల్పమైన భేదము కొంతకాలమునకు పూర్తిగా వేరైన ఫలితమునకు దారితీయునని చూపెను. చూచువానికి గందరగోళముగా తోచిన గతి వెనుక నియమమున్నది. దానిని ముందుగా చెప్పజాలకపోవుట లెక్కించువాని పరిమితి. ఈ సిద్ధాంతము భగవంతుని నిరూపింపలేదు, నిరూపింపబూనలేదు. ‘తెలియదు’ అనుటకును ‘లేదు’ అనుటకును గల భేదమును మాత్రము అది స్పష్టము చేసినది.

కఠినమైన ఆక్షేపణ

ఇంతవరకు చెప్పినది మనస్సునకు ఊరట. కాని ఊరట ఎంత సులభముగా లభించునో, అంత జాగ్రత్తగా దానిని పరీక్షింపవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. పదివేలమందికి పైగా మరణించిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపు పేటలను ముంచినది. అట్టి సమయమున పిల్లను పోగొట్టుకొన్న తల్లి ముందు నిలిచి “ఇది నాశము కాదు, లయము” అని చెప్పుట తత్త్వమగునా? కాదు. అది నిర్దయ.

ఈ ఆక్షేపణను శాస్త్రము ఎన్నడో ఎదుర్కొన్నది. ఒకనికి సుఖమును, ఒకనికి దుఃఖమును ఇచ్చు ఈశ్వరునకు పక్షపాతమును క్రూరత్వమును అంటవా యని బ్రహ్మసూత్రములు తామే ప్రశ్నించుకొని, జీవుల కర్మను అనుసరించియే ఆయన సృజించుననియు, ఆ కర్మ అనాది యనియు సమాధానము చెప్పినవి. ఈ సమాధానము ఎందులకై చెప్పబడినదో మరువరాదు. అది ఈశ్వరునియందు దోషము లేదని తెలుపుటకును, ఎవరికి వారు తమ నడతను సవరించుకొనుటకును చెప్పబడినది. పొరుగువాని కష్టమును చూచి “వాని కర్మ” యని తలుపు వేసికొనుటకు చెప్పబడినది కాదు. కర్మ అను మాట తనను గూర్చి పలికినపుడు వివేకము. పరుని గూర్చి పలికినపుడు తరచుగా నిర్లక్ష్యమునకు ముసుగు.

పిళ్లైలోకాచార్యులు తత్త్వత్రయములో ప్రళయమును సైతము కృపగానే చెప్పిరి. దారితప్పిన బిడ్డలను తండ్రి సంకెలవేసి నిలుపునట్లు, విషయములలో మునిగి చెడుచున్న జీవులను ఈశ్వరుడు కొంతకాలము అణచియుంచునని వారి దృష్టాంతము. తిరిగి, దేహేంద్రియములు లేక జడములవలె పడియున్న ఆ జీవులను చూచి జాలిపడి, తనను ఆశ్రయించుటకు వీలుగా వారికి దేహేంద్రియముల నొసగుననియు వారు చెప్పిరి. దేహమిచ్చుటకు కారణము దయ. అట్లయిన, ఇచ్చిన దేహముతో చేయవలసిన పనియు దయయే యగును గదా! ప్రళయతత్త్వము తెలిసినదనుటకు గుర్తు కన్నీరు రాకపోవుట కాదు, కాళ్లు కదలుట. తల్లి దుఃఖమునకు ఆ క్షణమున తగిన వ్యాఖ్యానము ఒక పొడిబట్ట, ఒక ముద్ద అన్నము, ప్రక్కన కూర్చుండు మనిషి.

నిత్యప్రళయము

పురాణములు ప్రళయములను నాలుగు విధములుగా విభజించినవి: నిత్యము, నైమిత్తికము, ప్రాకృతము, ఆత్యంతికము. బ్రహ్మకు ఒక పగలు గడచినపుడు, అనగా 432 కోట్ల సంవత్సరముల చివర, నైమిత్తిక ప్రళయము. బ్రహ్మ ఆయువు తీరినపుడు ప్రాకృతము. జీవునకు మోక్షము కలిగినపుడు ఆత్యంతికము. వీనిలో గృహస్థునకు మిక్కిలి దగ్గరగా నున్నది నిత్యప్రళయము. పుట్టిన ప్రాణులు అహర్నిశము లయించుచుండుటయే అది. గాఢనిద్రను కూడ పెద్దలు దానికి ఉదాహరణముగా చెప్పుదురు. నిద్రలో పేరు లేదు, ఊరు లేదు, ఆస్తి లేదు, అప్పు లేదు. ఆ వేళ జీవుడు సత్తుతో కూడియుండునని ఛాందోగ్యము. ప్రతిరాత్రియు ప్రతి ఇంటను ఇట్టి చిన్న ప్రళయము జరుగుచున్నను ఎవరును భయపడుట లేదు. తెల్లవారునని నమ్మి కన్నుమూయుచున్నారు. ఆలయములో ఏకాంతసేవ ముగిసి తలుపులు మూయబడినపుడు స్వామి లేడని యెవరును అనుకొనరు. సుప్రభాతవేళ తలుపు తెరచినపుడు ఆయన క్రొత్తగా వచ్చినాడనియు అనుకొనరు.

అసలైన అవ్యవస్థ

అట్లయిన, శాస్త్రము భయపడుమని చెప్పిన అవ్యవస్థ ఏది? దానికి పెద్దలు పెట్టిన పేరు మాత్స్యన్యాయము. పెద్దచేప చిన్నచేపను మ్రింగుట. దశరథుని మరణానంతరము రాజులేని రాజ్యము ఎట్లుండునో అయోధ్యాకాండలో పెద్దలు వసిష్ఠునకు వివరించుచు, అట్టి చోట జనులు చేపలవలె ఒకరినొకరు తినుచుందురని చెప్పిరి. కొల్లేటి జాలరికి ఈ న్యాయమును వేరుగా బోధింపనక్కర లేదు. కొఱ్ఱమీను చిరుచేపలను మ్రింగుట అతడు దినము చూచుచునే యుండును. చేపకు అది స్వభావము. మనిషికి అది పతనము.

మత్స్యావతార గాథ ఆరంభమైనది ఈ భయముతోనే. శతపథ బ్రాహ్మణములో మనువు చేతికి వచ్చిన చిన్నచేప, పెద్దచేపలు తనను మ్రింగునని చెప్పి రక్షణ కోరినది. భాగవతములో కృతమాలానదీ తీరమున సత్యవ్రతుడు తర్పణము చేయుచుండగా దోసిటిలోనికి వచ్చిన చేపపిల్లను తొలుత నీటిలోనికే విడిచెను. అది తప్పని ఎవరును అనజాలరు. చేప చోటు నీరే గదా! కాని ఆ చేప, తనజాతివారే తనను చంపుదురని మొరపెట్టుకొనగా, ఆయన దానిని తన కమండలువులో నుంచుకొనెను. తరువాతి కథ లోకవిదితము. సమస్తమును మునిగిన దినమున నావను నడిపినది ఆ చేపయే. ఓషధులు, విత్తనములు, సప్తర్షులు నిలిచినది ఆ నావలోనే. రాబోవు సృష్టి అంతయు, ఒక దినము ఒక రాజు చిన్నప్రాణి మొర వినుటపై ఆధారపడినది.

ద్వారకా తిరుమలలో స్వయంవ్యక్తమూర్తికి అభిషేకము చేయరు. ఒక్క నీటిబొట్టు పడినను స్వామి క్రింద పుట్టలో తిరుగు ఎఱ్ఱచీమలకు కలత కలుగునని అక్కడి సంప్రదాయము. ఏకార్ణవముపై శయనించు స్వామి, చీమల కొరకు తన స్నానమును మానుకొనెను. మత్స్యన్యాయమునకు ఇంతకంటె స్పష్టమైన ప్రతిన్యాయము వెదకినను దొరకదు. అక్కడ పెద్దది చిన్నదానికి చోటిచ్చినది.

కొల్లేటి చరిత్రయు ఇదే పాఠమును మరియొక విధముగా చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో సరస్సులో చేపల చెరువుల గట్లు పెరిగి, నీరు నడచు దారులు ఇరుకైనవి. 1999లో అది అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006 నాటికి అనేకమైన గట్లు తొలగింపబడినవి. గట్లు వేసినపుడు చిన్నకారు జాలరి చోటు తగ్గినది. గట్లు తీసినపుడు చెరువు పనిపై బ్రతికిన కూలి దినభత్యము పోయినది. రెండు వేళలను ముందుగా మునిగినది చిన్నచేపయే. నీరు తన పల్లమును వెదకికొనుట ప్రకృతి. ఆ పల్లమును ఆక్రమించి, వచ్చిన వరదను దైవకృతమని అనుట న్యాయము కాదు. మనుష్యుడు చేసినదానికి ప్రళయమని పేరు పెట్టి భగవంతునిపై మోపుటకంటె, మూసిన దారిని తెరచుట ఆయనకు ప్రీతికరమైన కైంకర్యము.

కావున వివేకి రెండింటిని కలిపి చూడరాదు. అవ్యక్తము భగవంతుని శరీరము; అందు భయపడవలసినది లేదు. అవ్యవస్థ మనుష్యుని లోభము. అందు సహింపదగినది లేదు. మొదటిదానియెడ శరణాగతియు, రెండవదానియెడ కర్తవ్యమును వైష్ణవగృహస్థునకు విధింపబడినవి. శరణాగతి పేరిట కర్తవ్యమును విడిచినవాడు చేపను నీట విడిచి వెనుదిరిగినవాడు. కర్తవ్యగర్వముచే శరణాగతిని విడిచినవాడు నావయే తన్ను తాను నడిపించుకొనునని భ్రమించినవాడు. దోసిటిలోనికి వచ్చిన చిన్నప్రాణిని కాపాడుచు, కనబడని పాదములను నమ్మి నడచువానికి ఎంతటి పెనుచీకటియు స్వామి సన్నిధియే యగును.